శుభలేఖ రాని ఇల్లు

అనగనగా అంటే మరీ పూర్వం కాదు పిల్లలూ, ఇంటింటా సెల్‌ఫోను మోగుతున్న ఈ కాలంలోనే, ఒక కాలవగట్టు పేటలో దీవెనమ్మ అనే ఆవిడ ఉండేది. భక్తిలో ఆవిడకు వంక పెట్టలేం. తెల్లవారకముందే లేచి ప్రార్థన చేసుకునేది. కాఫీ అయినా తాగకుండా ఫోను తీసి, చర్చి సంఘంలో అందరికీ ఒక మంచి బైబిలు వాక్యమూ, దాని పక్కన ఒక గులాబీ పువ్వూ పంపించేది. ఒక్క రాహేలుకు తప్ప.

రాహేలు పరాయిది కాదు, దీవెనమ్మకు సొంత తోటికోడలు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే మాట, ఒకే కూర. అలాంటిది మొన్న వేసవిలో రాహేలు తన కూతురు తబిత పెళ్ళికి పేటంతా తిరిగి శుభలేఖలు పంచింది గాని, పక్కింటి గుమ్మం తొక్కలేదు. దీవెనమ్మ ప్రాణం చివుక్కుమంది.

"నన్ను పిలవని పెళ్ళికి నేనెందుకు వెళ్ళాలి?" అని తలుపు వేసుకుని కూర్చుంది. తను ఎత్తుకుని పెంచిన పిల్ల పెళ్ళికూతురవుతుంటే, గోడ అవతలి సందడి వింటూ ఒంటరిగా ఏడ్చింది.

ఆ పేట మందిరంలో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే అందరూ ముందుకు వెళ్ళి ఏసు ప్రభువును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. "తోటివారి మీద కోపం పెట్టుకుని ఈ రొట్టె ముట్టకండమ్మా" అని సంఘకాపరి అయ్యగారు ప్రతిసారీ చెప్పేవారు. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి బల్లకు దీవెనమ్మ లేవలేకపోయింది. అందరూ ముందుకు నడుస్తుంటే చాప మీదే తలవంచుకుని ఉండిపోయింది. ఎన్నడూ తప్పని బల్ల తప్పిపోయిందని కుమిలిపోయింది. ఇంటికి రాగానే రాహేలుకు క్షమాపణ గురించిన వాక్యం ఒకటి పంపింది, గులాబీతో సహా. జవాబు రాలేదు.

మరుసటి నెలా అంతే. ఈసారి కోడికూర వండి, గిన్నె నిండా పెట్టి, ఎదురింటావిడ చేతికిచ్చి పంపింది. కడిగిన గిన్నెలో గుప్పెడు పంచదార వేసి రాహేలు తిప్పి పంపింది. మాట మాత్రం రాలేదు. "చూశావా ప్రభువా, నా వంతు నేను చేశాను" అని దీవెనమ్మ కొంచెం గర్వంగానే ప్రార్థించింది.

మూడో నెల బల్లకు రాహేలు మందిరానికే రాలేదు. జ్వరమని ఎవరో అన్నారు. అయ్యగారు రొట్టె మీది తెల్లగుడ్డ తీస్తూ, "మన దేవుడు ఎందరి చేతనో కబుర్లు పంపి చూశాడు. అది చాలదని చివరికి తానే మన మధ్యకు నడిచి వచ్చాడమ్మా" అన్నారు. మామూలుగానే అన్నారు. దీవెనమ్మ గుండె మాత్రం కలుక్కుమంది. జనం ముందుకు పోతుంటే ఆవిడ లేచి వెనక్కి తిరిగింది. చెప్పులైనా వేసుకోకుండా గబగబా నడిచి వెళ్ళి రాహేలు తలుపు తట్టింది.

రాహేలు దుప్పటి కప్పుకుని వచ్చి తీసింది. 

"నేనేం పాపం చేశానే? ఊరందరికీ ఇచ్చి, నా ఒక్కదానికే శుభలేఖ ఇవ్వలేదు!" అంది దీవెనమ్మ.

రాహేలు తెల్లబోయింది. "నీకు శుభలేఖేంటక్కా? అవి పైవాళ్ళకి గదా! నీ చేతిలో కార్డు పెట్టి రమ్మంటే నిన్ను పరాయిదాన్ని చేసినట్టు కాదూ? పెళ్ళి నీదే అనుకున్నాను. పెద్దమ్మొచ్చి ముసుగు పెడితేనే లేస్తానని పిల్ల తెల్లచీర కట్టుకుని ఎంతసేపు కూర్చుందో! నువ్వు రాలేదు. గోడ పక్కనుండి రానిదాన్ని బతిమాలేదేంటని నాకూ పంతమొచ్చింది. తప్పు నాదీ ఉందక్కా."

దీవెనమ్మ గుమ్మంలోనే కూలబడి భోరుమంది. రాహేలు ఆవిడ పక్కనే చతికిలబడింది. ఒకరి కళ్ళు ఒకరు తుడుచుకున్నారు. ఆ తర్వాత దీవెనమ్మ లేచి పొయ్యి వెలిగించి, జావ కాచి, చల్లార్చి రాహేలు చేత తాగించింది.

"తబితకు ఫోను కలపనా అక్కా? నీ గొంతు వింటే ఎగిరి గంతేస్తుంది" అంది రాహేలు.

"ఫోనొద్దే. నీ జ్వరం తగ్గనీ, ఇద్దరం బస్సెక్కి వెళ్దాం. దాని మొహం చూసి అడుగుతాను, ఈ పెద్దమ్మని క్షమించమని."

అందుకే పిల్లలూ, మనసులు దూరమైనచోట కబురు పంపి ఊరుకోకూడదు, మనమే నడిచి వెళ్ళాలి.