మాంత్రికుడి పెరట్లో నేలచుక్కలు

ఎప్పటి మాటో పిల్లలూ, ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు ఉండేవాడు. ఆయన కొడుకు జయశీలుడు. కొత్త పెళ్ళికొడుకు. భార్య కుందనవల్లిని పల్లకీలో ఇంటికి తీసుకొస్తున్నాడు. ఆ పిల్ల ఒడిబియ్యంలో వాళ్ళమ్మ తన పెరటి మొక్క వేరుముక్క ఒకటి పెట్టి పంపింది. నేలచుక్కలని, చిన్న చిన్న నీలిపూలు.

"ఇది చెప్పినచోట ఉండదండీ, పాకుతుంది. మీ కోటలో చోటుంటుందా?" అంది కుందనవల్లి.

"పాకనీ. కావాలంటే కోటనే జరుపుదాం" అని నవ్వాడు జయశీలుడు.

ఆ నవ్వు పూర్తికాలేదు, సుడిగాలి లేచింది! కరాళుడనే మాంత్రికుడు కుందనవల్లిని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల, బయటివాళ్ళ కంటికి కనపడని కోటలో దింపాడు. "నన్ను పెళ్ళాడు" అన్నాడు.

పాపం, కుందనవల్లి ఒక్కతే. అయినా బెదిరిపోలేదు. ఒళ్ళోని వేరు పెరట్లో నాటి, "ఈ మొక్క చచ్చేదాకా నన్ను ముట్టుకోనని నీ ప్రాణచిలక మీద ఒట్టెయ్యి" అంది.

"ఓస్, ఇంతేనా!" అని వాడు తన ప్రాణం దాచుకున్న పంజరంలోని చిలక మీద ఒట్టేశాడు.

మర్నాడే మొక్క పీకాడు. తెగిన ప్రతి వేరూ మొలిచింది. నాగలి కట్టి దున్నాడు. పెరడంతా నీలమైంది. ఒళ్ళుమండి తగలబెట్టాడు. వానపడగానే మళ్ళీ చిగురించింది! పీకిందల్లా గోడ అవతలికి గిరాటేసేవాడు, మొద్దు మొహం! అక్కడా పాకింది.

కుందనవల్లి రోజూ ఆ పూల పక్కన కూర్చుని, "నువ్వు సగం దూరం పాకవే తల్లీ, మిగతా సగం ఆయన వస్తారు" అని బతిమాలేది. ఆయన నవ్వు గుర్తొచ్చి ఏడ్చేది. అమ్మ గుర్తొచ్చి ఏడ్చేది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నీళ్ళు పోసేది. అలా ఏళ్ళు గడిచాయి.

మరి జయశీలుడు ఊరుకున్నాడా? ఒక్కొక్క సముద్రమే దాటుతూ దాటుతూ ఆ దీవికొచ్చాడు. చూస్తే బోడి రాళ్ళు. ఉసూరుమంటూ వెనక్కి తిరగబోతే ఒక ఉడుత, "అయ్యా, కాలు తియ్యండి, పువ్వు నలుగుతోంది!" అంది. వంగి చూస్తే నీలిపువ్వు! దాని వెనక ఇంకోటి, ఇంకోటి. పూల వెంట నడిచి నడిచి, ఏమీ లేనిచోట గోడకు నుదురు కొట్టుకున్నాడు.

"కుందనా!"

"ఇక్కడే ఉన్నానండీ!"

కరాళుడు కంగారుపడి ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. ఇంకేముంది, ఒట్టు తప్పింది! పంజరంలో చిలక చచ్చిపడింది, గుమ్మంలో వాడూ కూలాడు.

వాళ్ళిద్దరూ ఒక వేరుముక్కతో ఇల్లు చేరారు. మళ్ళీ పెళ్ళిబాజాలు మోగాయి. ముంగిట రాళ్ళు పీకించి పూలకు చోటిచ్చి, తలలు నెరిసేదాకా చల్లగా రాజ్యమేలారు.

అన్నట్టు, మొదటి వానల్లోనే తోటమాలి పరిగెత్తుకొచ్చి, "అమ్మగారూ, మొక్క ప్రహరీ దాటి బాటెక్కుతోంది, తుంచెయ్యమంటారా?" అన్నాడు.

"వద్దు తాతా, పోనీ" అంది కుందనవల్లి. "అటే మా అమ్మ ఉంది."