గంగులు దాచుకున్న ఆకుపచ్చ బొద్దింక

అనగనగా రాళ్లగుట్టల నడుమ ఒక చిట్టడవి. ఆ అడవిలో జంతువులకు ఒక వింత సరదా ఉండేది. అవి బొద్దింకలను పెంచుకునేవి.

ముఖం అలా పెట్టకండి పిల్లలూ! మన వంటింట్లో పొయ్యి కింద దూరే బొద్దింకలు కావవి. ఎండుటాకుల కింద బతికే రంగురంగుల అడవి బొద్దింకలు. కొన్నింటికి నల్లటి వీపు మీద తెల్లటి చుక్కలుండేవి. కొన్ని పండిన నిమ్మకాయలా మెరిసేవి. కొన్నింటి రెక్కల అంచున కుంకుమ గీత గీసినట్టు ఉండేది. ఎండిన సొరకాయ బుర్రలో ఆకుమన్ను పోసి, దాంట్లో వాటిని పెంచేవి జంతువులు.

ఉడత ఇంట్లో బొద్దింక పిల్లలు పుడితే కుందేలుకు ఇచ్చేది. కుందేలు ముంగిసకు ఇచ్చేది. "అక్కా, మా చుక్కలవి వానకు పోయాయి, నీ దగ్గరుంటే ఇస్తావా?" అని ఎవరడిగినా కాదనే వాళ్లు లేరు. అందుకే ఆ అడవిలో ఏ రంగూ పూర్తిగా పోయేది కాదు.

ఆ అడవి చివర, ఒక రాతి గుహలో, గంగులు అనే ముళ్లపంది ఉండేవాడు. గంగులు మీద ఎవరికీ కోపం లేదు. కానీ ఆ ముళ్లంటే అందరికీ భయం. నలుగురూ కూర్చున్న చోటికి గంగులు వస్తే, మాట ఆపకుండానే అందరూ కొంచెం కొంచెంగా పక్కకు జరిగేవారు. అది గంగులుకు కనబడేది. కాసేపు నిలబడి, "సరే, నాకు పనుంది" అని వెళ్లిపోయేవాడు. ఏ పనీ ఉండేది కాదు. గుహలోకి వెళ్లి దుంపలు కొరుక్కుంటూ తనలో తానే మాట్లాడుకునేవాడు.

ఒక వానాకాలం పెద్ద గాలివాన పట్టుకుంది. ఎక్కడినుంచో ఎగిరొచ్చిన ఒక కొంగ గుహ ముందు వాలింది. రెక్కలు తడిసి ముద్దయ్యాయి.

"అన్నా, వాన తగ్గేదాకా ఉండనిస్తావా?" అంది కొంగ.

"రా, రా! లోపలికి రా!" అన్నాడు గంగులు. ముళ్లు గుచ్చుకోకుండా తానే గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

వాన వెలిశాక కొంగ ముక్కుతో ఒక ఆకు పొట్లం ముందుకు తోసింది. "దీన్ని దూరపు కొండల మీద పట్టుకున్నాను. ఆకలేసింది కానీ ఆ రంగు చూశాక మింగడానికి మనసొప్పలేదు. నువ్వు పెంచుకో" అంది.

గంగులు పొట్లం విప్పాడు. లోపల ఒక ఆడ బొద్దింక. దాని వీపు ఆకుపచ్చగా ఉంది. కదిలితే నీలంగా మారుతోంది. ఇంకొంచెం కదిలితే రాగిలా మెరుస్తోంది.

"అమ్మో!" అన్నాడు గంగులు. దానికి మినుకు అని పేరు పెట్టుకున్నాడు.

ఈ సంగతి అడవంతా పాకింది. మరునాడు ఉడత వచ్చింది. కుందేలు పిల్లలను వెంటేసుకుని వచ్చింది. ముంగిస వచ్చింది. జింకలు వచ్చాయి. గుహ నిండా మాటలు, నవ్వులు. "మా గంగులన్న దగ్గరున్నటువంటిది ఇంకెక్కడా లేదు" అని ఉడత అందరికీ చెప్పింది. మా గంగులన్న! ఆ మాట గంగులు మనసులో ఎన్నిసార్లు తిప్పుకున్నాడో.

కానీ అందరూ వెళ్లాక మినుకు మెల్లగా అడిగింది. "మామా, నాలాంటివాళ్లు ఇక్కడ ఎవరూ లేరా?"

"లేరమ్మా. నువ్వొక్కదానివే. అందుకే కదా అందరూ నిన్ను చూడ్డానికి వస్తున్నారు!"

"అక్కడ మేం ఒకే చెక్క కింద ఇరుక్కుని పడుకునేవాళ్లం. ఒకరి మీసాలు ఒకరికి తగులుతుండేవి. ఇక్కడ ఎటు చాచినా ఏమీ తగలడం లేదు" అంది మినుకు.

గంగులు ఒక పండిన అత్తిపండు తెచ్చి మినుకు ఉన్న సొరకాయ బుర్రలో పెట్టాడు.

కొన్నాళ్లకు వాగు అవతలినుంచి తాబేలవ్వ వచ్చింది. ముసలి ప్రాణం. ఆయాసపడుతూ, ఆగుతూ ఆగుతూ వచ్చింది.

"నాయనా గంగులూ! ఆ కొంగ నీ దగ్గరికి రాకముందు నా దగ్గర ఆగింది. నాకూ ఇలాంటిదే ఒకటిచ్చింది. నాది మగది. నీలుడని పిలుస్తాను. నీదీ ఒంటిదే, నాదీ ఒంటిదే. రెంటినీ ఒకచోట పెడదాం. పిల్లలు పుడితే సగం నీకు, సగం నాకు. అడిగినవాళ్లకు కూడా ఇవ్వొచ్చు" అంది.

గంగులుకు ఆ చివరి మాట నచ్చలేదు. అడిగినవాళ్లకా? ఉడత ఇంట్లో ఒకటి, కుందేలు ఇంట్లో ఒకటి ఉంటే, ఇక ఈ గుహకు ఎవరొస్తారు?

"ఇప్పుడే వద్దవ్వా. మినుకు ఇంకా కొత్త. కాస్త అలవాటు పడనీ" అన్నాడు.

"సరే నాయనా" అని తాబేలవ్వ వచ్చిన దారినే వెళ్లిపోయింది.

చలికాలంలో అవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి వీపు మీద ఒక చిన్న సొరకాయ బుర్ర కట్టుకుని వచ్చింది. లోపల నీలుడు ఉన్నాడు.

"వీణ్నే తెచ్చేశాను. మినుకు ఏదీ?"

అప్పటికే గుహ లోపల మినుకు బుర్రలో గరగరా చప్పుడు మొదలైంది. నీలుడి వాసన పసిగట్టి మినుకు గోడలు ఎక్కుతోంది. జారుతోంది. మళ్లీ ఎక్కుతోంది. గంగులు గబగబా లోపలికి వెళ్లి, తడి నాచు తెచ్చి, కొంచెం గాలి ఆడేంత సందు వదిలి బుర్ర మూతికి కుక్కాడు.

బయటికి వచ్చి, "దానికి ఒంట్లో బాగాలేదవ్వా. ఇంకోసారి చూద్దాం" అన్నాడు.

తాబేలవ్వ గంగులు ముఖంలోకి కాసేపు చూసింది. వెనక్కి తిరిగింది.

"మామా, బయట ఎవరొచ్చారు?" అని బుర్రలోంచి అడిగింది మినుకు.

"ఎవరూ రాలేదు" అన్నాడు గంగులు.

ఆ తర్వాత మినుకు ఆకుల కిందనుంచి బయటికి రావడం మానేసింది. పండు పెడితే పండు అలాగే ఉండేది. చూడ్డానికి వచ్చినవాళ్లకు ఎండుటాకులే కనబడేవి. "పోనీలే, ఇంతకుముందు చూశాం కదా" అని వెళ్లిపోయేవారు. ఎవరి పనులు వాళ్లకుంటాయి. ఉడత గింజలు ఏరుకోవాలి. కుందేలుకు పిల్లలతో సరిపోయేది. మెల్లగా గుహకు దారిలో గడ్డి మొలిచింది. గంగులు మళ్లీ తనలో తానే మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడప్పుడు బుర్ర దగ్గర కూర్చుని, "మినుకూ, ఏమైనా చెప్పమ్మా" అనేవాడు. లోపల ఎండుటాకు కూడా కదిలేది కాదు.

ఎండలు ముదిరాయి. తాబేలవ్వ మూడోసారి వచ్చింది. వీపు మీద అదే బుర్ర ఉంది. కానీ ఈసారి లోపల మన్ను మాత్రమే ఉంది.

"నీలుడు పోయాడు నాయనా" అంది అవ్వ. "వాడు తిరిగిన మెత్తటి ఆకుమన్ను ఇది. పారబోయడానికి చేతులు రాలేదు. మినుకుకు పనికొస్తుందని మోసుకొచ్చాను."

అంత ఎండలో అంత దూరం, తనకు రెండుసార్లు కాదన్నవాడి కోసం ఆ ముసలిది మన్ను మోసుకొచ్చింది. గంగులు లోపలికి వెళ్లి మినుకు బుర్ర తెచ్చి, అవ్వ ముందే మూత తీశాడు.

"అవ్వా, అప్పుడు దీనికి ఒంట్లో బాగానే ఉంది. నేను అబద్ధం చెప్పాను" అన్నాడు.

మినుకు మెల్లగా బయటికి వచ్చింది. వీపు మీద మెరుపు వెలిసిపోయింది. అవ్వ తెచ్చిన మన్నులోకి దిగి, మీసాలు అటూ ఇటూ ఆడించింది. చాలాసేపు ఆ మన్నంతా వెతికింది. తర్వాత ఆగిపోయింది.

"ఆ రోజు వచ్చిన వాసన ఇదే" అంది. "ఎవరూ రాలేదన్నావు కదా మామా."

గంగులు తల వంచుకున్నాడు.

"ఒంటరిగా ఉంటే ఎలా ఉంటుందో ఈ అడవిలో నీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? తెలిసి కూడా ఎలా చేశావు?"

మినుకు నీలుడి మన్నులో ముడుచుకుని పడుకుంది. మళ్లీ లేవలేదు.

ఆ సాయంత్రం గంగులు తాబేలవ్వను వాగు దాకా దిగబెట్టాడు. అవ్వ నడకకు తగ్గట్టు అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. అవ్వ అతణ్ని తిట్టలేదు. తిట్టినా బాగుండునని గంగులుకు అనిపించింది.

మళ్లీ వానలు వచ్చాయి. కొంగ కూడా వచ్చింది. గంగులు పరుగున ఎదురెళ్లి, "ఆ ఆకుపచ్చవి ఇంకేమైనా దొరుకుతాయా?" అని అడిగాడు.

"దారిలో ఆ కొండలన్నీ వెతికానన్నా. ఒక్కటి కూడా కనబడలేదు" అంది కొంగ.

అప్పటినుంచి ఆ అడవిలో పుట్టిన పిల్లలు మినుకు గురించి కథగానే విన్నారు. కుందేలు పిల్లలు ఎప్పుడైనా ధైర్యం చేసి గుహ దాకా వచ్చి, "మామా, అది ఏ రంగులో ఉండేది?" అని అడిగేవి.

"ఆకుపచ్చగా ఉండేదమ్మా" అనేవాడు గంగులు.

"ఈ ఆకులాగా?"

"కాదు."

"నెమలి మెడలాగా?"

"కాదు. అలా కూడా కాదు."

పిల్లలు ఇంకా రకరకాల పేర్లు చెప్పేవి. ఏదీ కుదిరేది కాదు. చూపించడానికి గంగులు దగ్గర ఏమీ లేదు. కాసేపటికి పిల్లలు విసిగి ఆటకు వెళ్లిపోయేవి. గంగులు మాత్రం ఆ రంగుకు సరిపోయే మాట వెతుక్కుంటూ అక్కడే కూర్చునేవాడు.

నీతి: మన ఒంటరితనం పోగొట్టుకోవడానికి ఇంకొకరిని ఒంటరిని చేయకూడదు, అపురూపమైనదాన్ని నలుగురితో పంచుకుంటేనే అది నిలుస్తుంది.