మడుగు కాపరి

దేవుడు నీళ్లు ధారాళంగా ఇచ్చిన ఏళ్లూ ఉన్నాయి నాయనలారా, కానీ ఇది ఆ ఏళ్ల మాట కాదు. ఆ ఎండలకు అడవిలో ఒక్క మడుగే మిగిలింది. పెత్తనం చేసే పులి కూడా చచ్చింది. ఇక రాజు వద్దు, రాజ్యాంగం మనమే రాసుకుందామని జంతువులన్నీ గట్టున చేరాయి. మడుగులోని మొసలితో సహా అందరూ తడిమట్టిలో కాలిముద్ర వేస్తేనే అది చెల్లుతుంది. అందాకా ఎవరూ నీళ్లు ముట్టకూడదు.

లేడి చుక్కమ్మ పక్కన దాని కూన నాలుక బయటపెట్టి ఒగరుస్తోంది.

రాసే పని నక్క పాపయ్య మీద పెట్టారు. "అందరూ వరసలోనే తాగాలి. మడుగు దగ్గర వేట లేదు. మడుగుకి ఒక కాపరి ఉంటాడు," అని తీరిగ్గా చదివి, గొంతు తగ్గించి గబగబా అంది: "ఆపద వేళ ఇవన్నీ ఆగిపోతాయి, కాపరి మాటే చెల్లుతుంది. ఆపద వచ్చిందో లేదో కాపరే చెప్తాడు. కానివ్వండి, పిల్లలు దాహంతో ఉన్నారు."

ముసలి దున్న ముద్ర వేయడానికి కాలెత్తింది. చుక్కమ్మ నక్క వైపు చూసింది. కాపరి ఎవరవుతారో తెలుస్తూనే ఉంది. నక్క నోట ఆపద అన్న మాట వస్తే చాలు, ముందు పోయేది తన కూనే. కాదని వాదిస్తే అది ఇక్కడే సొమ్మసిల్లేలా ఉంది.

"ఆగు మామా," అంది దున్నతో. "పాపన్నా, బాగా రాశావు. కాపరి పని మొసలి తాతకిద్దాం. ఎలాగూ నీళ్లలోనే ఉంటాడు."

"అదీ నిజమే," అంది దున్న.

మడుగు మధ్య రెండు కళ్లు తేలాయి. "నాకు సమ్మతమేనే అమ్మాయ్. ఈ ఎండ చూస్తుంటే ఆపద ఇప్పుడే వచ్చినట్టుంది."

నక్క వెనక్కి జరిగింది. "పెద్దవయసులో తాతకెందుకు శ్రమ?"

"కదలకుండా చెప్పే మాటేగా అన్నా. ముద్ర ముందు నువ్వే వెయ్యి."

పాపయ్య మొసలి కళ్ల వైపు చూసింది. "అది కాదు చెల్లెమ్మా... ఆపద సంగతి ఒక్కడే తేల్చడమేమిటి? అందరం కలిసి తేల్చుకుందాం. ఆపదలోనూ వేట లేదని రాస్తాను."

"నువ్వే రాస్తావా?"

"నేనే."

పాత మాట తన కాలితోనే చెరిపి, కొత్తది రాసింది నక్క. అడవంతా ముద్రలు వేసి ఒక్కటయ్యాక మొసలి ఒక్కటీ ఏం చేస్తుంది? సణుక్కుంటూనే ముద్ర వేసింది. కూన నీళ్లలో మూతి పెట్టింది.

"మరి కాపరిగా నువ్వుంటావా పాపయ్యా?" అని దున్న అడిగితే, "నాకు తీరికెక్కడిది మామా," అంటూ వరస చివరికి పోయి నిలబడింది నక్క.

అధికారం రాసిచ్చేముందు, అది మనం భయపడేవాడి చేతిలో పడితే ఏమవుతుందో చూసుకోవాలి.