ఊదారంగు పలక

హైమావతమ్మగారిని ప్రశ్న అడిగి తిన్నగా జవాబు పుచ్చుకున్నవాళ్లు ఈ భూప్రపంచంలో ఇద్దరే. ఒకడు పాలవాడు, రెండోవాడు పోస్టుమాను. మిగతా అందరికీ ఆవిడ జవాబుకి బదులు ఏదో ఒక పని చెప్పేవారు. టైమెంతయిందని అడిగినవాణ్ణి కూడా, పెరట్లోకి వెళ్లి నీడ చూసి రమ్మనేవారు. వాల్తేరు కొండ మీద, ఇనుపమేకుని వారం రోజుల్లో పిండి చేసే సముద్రపుగాలిలో, ఆవిడ ప్రయోగశాల ఉండేది. అందులో నేను ముప్పై ఏళ్లు గాజుసామాను కడిగాను. నేను కడిగిన బీకర్లు వరసగా పేరిస్తే భీమిలి దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తాయి. కాబట్టి నా మాట నమ్మవచ్చు. కొంచెం అటూ ఇటూ అయినా నమ్మవచ్చు.

ఆవిడ శిష్యుల్లో సన్యాసిరావని చోడవరం నుంచి వచ్చినవాడు ఒకడుండేవాడు. పేరుకి సన్యాసే గాని, పట్టినది వదలడం తెలియనివాడు. గాడిద రక్తంలోంచి హిమోగ్లోబిన్ తీసి, స్ఫటికాలు కట్టించి, వాటికి ఎక్స్-రే ఫోటోలు తీయడం అతని పని. అందుకని తోటివాళ్లు అతన్ని గాడిద మేష్టారనేవారు. హిమోగ్లోబిన్ అంటే మన రక్తానికి ఎరుపునిచ్చేదే. పీల్చిన గాలిలోని ఆక్సిజన్ని ఎత్తుకుని, ఒళ్లంతా పంచిపెట్టి, ఉత్తచేతులతో తిరిగి వస్తుంది. అది కంటికి సరికదా, ఏ మైక్రోస్కోపుకీ ఆనదు. అలాంటివి కోట్లకు కోట్లు బారులు తీరి, కదలకుండా నిలబడితే స్ఫటికమవుతుంది. దానిలోంచి ఎక్స్-రే పోనిస్తే ఫిల్ము మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల్ని ఏళ్ల తరబడి లెక్కకట్టి దాని రూపం ఊహించాలి. ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ బొమ్మ అప్పటికే మా గదిలో ఉండేది. తీగలతోనూ పూసలతోనూ కట్టిన నాలుగు ముక్కలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, మొత్తం మీద ఏనుగు తలకాయంత. సరే, మేకపిల్ల తలకాయంత.

సన్యాసిరావు తీయవలసింది ఆక్సిజన్ దింపేసిన ఖాళీ హిమోగ్లోబిన్ ఫోటో. ఆ స్ఫటికాలు నేరేడుపండు తొక్కలాగా ఊదారంగులో, ఆరు మూలల పలకలుగా కడతాయి. గాలి తగిలిందంటే పగిలిపోతాయి. అందుకని పలకని వెంట్రుకంత గాజు గొట్టంలోకి దింపి, రెండు కొసలా మైనం పెట్టి, ఎక్స్-రే ముందు రెండు రోజులు ఉంచేవాడు. మొదటి రోజు బాగానే ఉండేది. రెండో రోజు వచ్చి చూసేసరికి ముక్కలు. ఎక్కడో సూది మొనంత సందు దొరికించుకుని గాలి దూరేది. అలా రెండేళ్లలో రెండువేల పలకలు పోయాయి. అతని నోటుపుస్తకంలో అరవై మూడని రాసి ఉందనుకోండి, అది వేరే సంగతి.

అతను చెయ్యని ప్రయత్నం లేదు. మైనం మార్చాడు, గొట్టాలు మార్చాడు, తన ముక్కు గాలి తగలకుండా మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. నేను తలుపు వేసే చప్పుడికి మైనం బీట తీస్తోందని ఆర్నెల్లపాటు నన్ను తలుపు వేయనివ్వలేదు. ఆ ఆర్నెల్లలోనూ రెండు కుక్కలూ ఒక మేకా వచ్చి పరిశోధన చేసుకుని వెళ్లాయి. పగిలిన పలకల మొహం మాత్రం ఏనాడూ చూసేవాడు కాదు. తల పక్కకి తిప్పుకుని నా తొట్టిలో ఒంపేసి, చేతులు కడుక్కునేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అతను ట్రంకుపెట్టె రిక్షాలో వేసుకుని వచ్చాడు. ఒరిస్సాలో ఏదో కాగితాల మిల్లులో ఉద్యోగం వచ్చిందట. సోమవారం చేరాలి, సాయంత్రం బండికి వెళ్లాలి, కింద పైడయ్య రిక్షా కాచుకుని ఉంది. చదువు వదిలేస్తున్నానని చెప్పడానికి వచ్చినవాడు, ఆ మాట చెప్పలేక ఆవిడ బల్ల ముందు నిలబడి బల్లకున్న గోళ్ల గీతలు లెక్కపెట్టాడు. చివరికి అడిగాడు.

“మేడమ్‌గారూ, గాలి సోకకుండా కన్నబిడ్డల్లా కాపాడుకున్నాను. అయినా నా చేతుల్లోనే ఎందుకు పోతున్నాయి? నాలో లోపమేమిటో చెప్పండి, అది విని వెళ్లిపోతాను.”

ఆవిడ పలకలింకా ఎన్ని మిగిలాయని అడిగారు. ఒక్కటేనన్నాడు. అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా తేటగా కట్టింది. తన తరవాత వచ్చేవాళ్లకైనా పనికొస్తుందని ఐసుపెట్టెలో దాచాడట. తెమ్మన్నారు. గాలి తగలకుండా దాన్ని రెండు గాజుబిళ్లల మధ్యకి ఎక్కించి, అంచుల చుట్టూ వాజిలీను పూసి, మైక్రోస్కోపు కింద పెట్టమన్నారు. అతను పెట్టాడు. అంత నేర్పుగా పెట్టడం ఇంద్రలోకంలో కంసాలికి కూడా రాదు. అప్పుడు ఆవిడ కొప్పులోంచి పిన్ను తీసి, ఒక పక్క వాజిలీనుని మెల్లగా గీకడం మొదలుపెట్టారు.

సన్యాసిరావు మొహంలో రక్తం మొత్తం గాడిదకే తిరిగి వెళ్లిపోయింది. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోకూడదని మరిచిపోయి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

“గాలి వెళ్తుందండీ.”

“వెళ్లనీ. నువ్వు కన్ను తియ్యకు.”

చెయ్యి వదిలాడు. కన్ను ఆనించాడు. నేను చీపురు గోడకి చేరవేసి నిలబడిపోయాను. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆ తరవాత అతను తనలో తను అనుకున్నట్టుగా, చూస్తున్నది చెప్పుకుంటూ పోయాడు. గీకిన వైపు అంచు ఎర్రబడిందిట. ఊదారంగులోకి ఆ ఎరుపు, నేల మీద ఒంపిన నీళ్లు పాకినట్టు పాకుతోందిట. దాని వెంబడే సన్నటి బీట. ఎరుపు ఆగినచోట బీటా ఆగుతోందిట, అది కదిలితే ఇదీ కదులుతోందిట. ఎరుపు చేరనంతమేరా పలక అద్దంలా ఉందిట, చెక్కుచెదరలేదుట.

“ఎరుపు ముందు, బీట వెనకా,” అన్నాడు. ఇంకోసారి అదే మాట మెల్లగా అన్నాడు.

అతను తలెత్తి గదిలో ఉన్న తీగల బొమ్మకేసి చూశాడు. లేచి వెళ్లి, దానిలో ఒక ముక్కని రెండు చేతులా పట్టుకుని, ఇంతంటే ఇంత తిప్పాడు. పక్క ముక్క కూడా దానితో తిరిగింది. కొత్త సినిమా మొదటాటకి టిక్కెట్ల బారు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, ఒకణ్ణొకడు ఒరుసుకుని. అందులో ప్రతివాడూ ఒకేసారి ఒళ్లు విరుచుకుంటే బారు గతేమిటి? ఆక్సిజన్ ఎక్కిన ప్రతి హిమోగ్లోబినూ అలాగే ఒళ్లు కదుపుతుందన్నమాట. అతను గబగబా వచ్చి మళ్లీ మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. కాగితం అడిగాడు, పెన్సిలు అడిగాడు, గోడ గడియారం చూసి నిమిషానికొకసారి చెప్పమని నన్ను అడిగాడు. అరవై మూడు పలకల్నీ చూడకుండా పారబోసినవాడు ఈ ఒక్క పలకా పగలడాన్ని పదిహేడు బొమ్మలుగా వేసుకున్నాడు.

ఇంతలో పైడయ్య మెట్లెక్కి వచ్చి గుమ్మంలో తొంగిచూశాడు.

“బాబూ, బండి దాటిపోద్ది. ఎల్తారా, పెట్టె దింపీమంటారా?”

“దింపెయ్ పైడయ్యా,” అన్నాడు సన్యాసిరావు, కన్ను తియ్యకుండానే.

పలకంతా ఎర్రబడి నుసి అయ్యేసరికి ఎండ కిటికీ దిగిపోయింది. అతను వేలి కణుపులతో కళ్లు నులుముకున్నాడు. సంతోషమో, ఇంకా తీరని బెంగో, చిన్నపిల్లాడు తగువు పెట్టినట్టు అన్నాడు: రెండంటే రెండు రోజులు ఓపిక పట్టి కదలకుండా ఉంటే దీని సొమ్మేం పోయిందండీ, నా ఫోటో వచ్చేసేది కదా, అని.

హైమావతమ్మగారు పిన్నుకంటిన వాజిలీను చీరకొంగుకి తుడుచుకుని, దాన్ని కొప్పులో గుచ్చుకున్నారు.

“ఎంతసేపని బిగపట్టుకుంటుంది నాయనా, ఊపిరి?” అన్నారు.