గులాబీకో న్యాయం, గుత్తిపువ్వుకో న్యాయం

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా తాతలు పుట్టని కాలంలో, చలికొండ అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని సమదర్శనుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఆయనకొక పిచ్చి. అందరికీ అన్నీ ఒకే కొలతలో అందాలి, అదే న్యాయం అనేవాడు. ఒకసారి పసిపిల్లకూ పహిల్వానుకూ ఒకే కొలత చొక్కా కుట్టించాడు. పిల్ల చొక్కాలో మునిగిపోయింది. పహిల్వాను చేతులు పైకెత్తగానే చొక్కా పర్రుమని చిరిగింది. అయినా రాజుగారు చాలా సంతోషించాడు.

ఆ ఊళ్ళోనే కనకాంగి అనే ఇల్లాలు ఉండేది. ఆమె కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి రెండు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఒకటి ఎర్రగులాబీ. రెండోది నీలి గుత్తిపువ్వు. ఇప్పుడు నర్సరీల్లో హైడ్రాంజియా అంటున్నారే, అదే. గులాబీని మంచి ఎండలో నాటింది. గుత్తిపువ్వును గోడవార నీడలో నాటింది. అమ్మ మీద బెంగ కలిగినప్పుడల్లా వెళ్ళి ఆ రెండు మొక్కల మధ్య కూర్చునేది. ఆ పెరడంటే ఆమెకు ప్రాణం.

ఒకనాడు రాజుగారి పల్లకి అటుగా వెళ్ళింది. ఆయన గోడ మీదుగా తొంగి చూశాడు.

"ఇదేమిటమ్మా, ఒకదానికి ఎండ, ఒకదానికి నీడా? పాపం, అదేమైనా సవతి బిడ్డా?"

"కాదు మహారాజా, దాని తీరే అంత..." అని ఆమె చెబుతుండగానే పల్లకి కదిలిపోయింది.

మర్నాడే దండోరా పడింది. రాజ్యంలో ప్రతి పెరట్లోనూ అన్ని మొక్కలకూ ఒకే ఎండ, ఒకే నీరు, ఒకే కత్తిరింపు. తప్పితే పెరడు జప్తు. ఇది చూసి రావడానికి గిరిభట్టు అనే అధికారిని వేశారు. గిరిభట్టుకు రాజాజ్ఞ తప్ప ఇంకేమీ కనిపించదు.

మొదట వచ్చి గిరిభట్టు ఎండ సంగతి చూశాడు. గుత్తిపువ్వును గోడ దగ్గర నుంచి పెళ్ళగించి ఎండలో నాటించాడు. మధ్యాహ్నం కాగానే కనకాంగి తాటాకు గొడుగు తెచ్చి దానికి పట్టింది.

"ఇదేమిటమ్మా?" అన్నాడు గిరిభట్టు.

"గొడుగు పట్టకూడదని దండోరాలో ఉందా బాబూ?"

లేదు. అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

రెండోసారి నీళ్ళ కోసం వచ్చాడు. రెండింటికీ చెరో కడవ, అంతే అన్నాడు. కనకాంగి అలాగే పోసింది. గులాబీ మొదలు దగ్గర మట్టి కాస్త ఎత్తు చేసి, నీళ్ళు నిలవకుండా చూసింది. గుత్తిపువ్వు మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా పరిచి, తడి ఆరకుండా చూసింది. గిరిభట్టు కడవలు కొలిచాడు. సమానమే. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మూడోసారి చలికాలం చివర కత్తెర పట్టుకుని వచ్చాడు. అన్ని మొక్కలూ మోకాలెత్తుకు కత్తిరించాలన్నాడు. కనకాంగి గులాబీని తన చేత్తోనే కత్తిరించింది. గుత్తిపువ్వు దగ్గరికి వచ్చేసరికి కత్తెర కింద పెట్టేసింది.

"దీన్ని కత్తిరించను బాబూ."

"పెరడు పోతుందమ్మా, ఆలోచించుకో."

"తెలుసు. అయినా కత్తిరించను."

"అయితే మొగ్గలు వేసేలోగా కత్తిరించకపోతే పెరడు జప్తు" అని చెప్పి వెళ్ళాడు గిరిభట్టు. అన్నట్టే వచ్చి పెరటి తలుపుకు రాజముద్ర వేశాడు. ఆ రోజు కనకాంగి అన్నం ముట్టలేదు.

ముద్ర పడిన కొద్ది రోజులకే రాణిగారి సీమంతం వచ్చింది. చలికొండలో ఒక ఆచారం ఉంది. సీమంతం నాడు ఎర్రగులాబీలూ నీలి గుత్తులూ కలిపి ఒడిలో పోయాలి. అవి ఎవరో ఒక ఇల్లాలు తన పెరట్లో పెంచి, తన చేత్తో కోసి ఇచ్చినవై ఉండాలి. రాజుగారి తోట పూలు పనికిరావు.

భటులు రాజ్యమంతా గాలించారు. గులాబీలు తట్టలకొద్దీ దొరికాయి. నీలి గుత్తి ఒక్కటి కూడా లేదు. కొన్ని మొక్కలు ఎండకు మాడిపోయాయి. బతికినవి ఆకులు వేశాయి కాని పూయలేదు. రాణిగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పుడు గిరిభట్టు గంతేసినంత పని చేశాడు. "ప్రభూ, కనకాంగి పెరట్లో విరగబూసి ఉన్నాయి. ఎవరినీ అడగక్కర్లేదు కూడా. ఆ పెరడిప్పుడు మనదే."

రాజుగారు స్వయంగా వచ్చాడు. కనకాంగి నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంది.

"కోసుకోండి మహారాజా. అయితే ఈ పెరడు తమరిదైపోయింది కదా. తమ తోట పూలు ఒడికి పనికొస్తాయా?"

గిరిభట్టు నేల చూపులు చూశాడు.

"పెరడు నీకే ఇచ్చేస్తాను, కొయ్యమ్మా" అన్నాడు రాజుగారు.

"ఇస్తారు. మళ్ళీ చలికాలానికి కత్తెర వస్తుంది."

"అయితే మొక్కలన్నీ సమానం కావంటావా?"

"రెండూ నా బిడ్డలే మహారాజా. గులాబీ కొత్త చిగుళ్ళకు పూస్తుంది, కత్తిరిస్తే దానికి మేలు. ఇది నిరుటి కొమ్మల చివర మొగ్గ దాచుకుంటుంది, కత్తిరిస్తే ఆ ఏటి పూలు పోయినట్టే. తమరూ రాణిగారూ ఈ నెలల్లో ఒకే తిండి తింటున్నారా?"

రాజుగారు పక్కున నవ్వాడు. "రాణి అడిగిందని కొండ దిగువ నుంచి పుల్లమామిడికాయలు తెప్పించాను. నేను మాత్రం ఒక్క ముక్క నోట పెట్టలేదు" అన్నాడు.

తర్వాత తన చేత్తోనే తలుపు మీది రాజముద్ర తీసేశాడు. కనకాంగి తన పెరట్లోకి నడిచి, బుట్ట నిండా పూలు కోసింది. రాజుగారి పల్లకిలో ఆమె కూర్చుంటే రాజుగారు పక్కన నడిచాడు. మేళతాళాలతో ఊరంతా వెంట నడిచింది. రాణిగారి ఒడి ఎర్రగా, నీలంగా నిండిపోయింది. ఆ సాయంత్రమే పాత ఆజ్ఞ రద్దని దండోరా పడింది. ఎవరి మొక్క తీరు వారు చూసుకోవాలని, సందేహముంటే కనకాంగిని అడగాలని చాటారు. గిరిభట్టే మొదట వచ్చి అడిగాడు.

ప్రేమ అందరికీ సమానంగా పంచాలి. ఎండా నీడా మాత్రం ఎవరికి ఏది కావాలో తెలుసుకుని ఇవ్వాలి.