రెండు వీధుల్లో ఒకే దండోరా

ఒకానొక రాజ్యం ఉండేది, పేరు గంధవరం. దాన్ని చండకీర్తి అనే రాజు ఏలేవాడు. ఆయనకు కోటలున్నాయి, ఏనుగులున్నాయి, లేనిదల్లా మనశ్శాంతి. జనం ఎవరిని మెచ్చుకున్నా ఆయన కడుపు మండిపోయేది. వంటవాడి పులుసు బాగుందని ఎవరైనా అన్నారంటే ఆ పూట రాజుగారికి అన్నం సయించేది కాదు. అలాంటివాడు రాజెలా అయ్యాడని నన్నడక్కండి. వాళ్ల నాన్న రాజు, అంతే.

ఆ ఊళ్లో ఇద్దరు మనుషులు ఆయనకు కంట్లో నలుసులైపోయారు. ఒకరు పడమటి వీధి మఠంలో ఉండే జ్వాలానందస్వామి. తన మార్గం ఒక్కటే దేవుడికి ఇష్టమనీ, తక్కినవాళ్లంతా పాపులనీ చెప్పేవాడు. రెండోవాడు తూర్పు వీధిలో సభలు పెట్టే తర్కభూషణుడు. దేవుడూ లేడు, గీవుడూ లేడు, తాను కనిపెట్టిన నవసిద్ధాంతం ఒక్కటే నిజమనీ, ఒప్పుకోనివాళ్లంతా ప్రజాద్రోహులనీ చెప్పేవాడు.

ఇద్దరికీ పడదు. పడకపోవడం అటుంచండి, ఒకరి మీద ఒకరికి చచ్చేంత అసూయ. స్వామి శిష్యులు తెల్లవారుజామున ప్రార్థన మొదలుపెడితే, తర్కభూషణుడి అనుచరులు తెల్లవారుజామున ప్రతిజ్ఞ మొదలుపెట్టారు. స్వామి తన గురువుగారి పాదుకలను పీఠమెక్కించాడని తెలిసి, ఈయన తన గురువుగారి చేతికర్రను గంధపు పెట్టెలో పెట్టి దండ వేయించాడు. అక్కడ మార్గం తప్పినవాడికి వెలి, ఇక్కడ సిద్ధాంతం తప్పినవాడికి వెలి. మొన్నమొన్నటి చరిత్రలో మనం చూసిన బాపతే లెండి. ఒకడు దేవుడి పేరు చెప్పి పొరుగువాడి ఇల్లు తగలబెట్టాడు, ఇంకొకడు రేపటి మంచి లోకం పేరు చెప్పి తగలబెట్టాడు. ఇల్లు కాలినవాడికి ఆ తేడాతో ఏం పని?

ఒకనాడు ఇద్దరూ దండోరా వేసే పోలయ్యను పిలిపించి, ఎవరి సందేశం వారు చెప్పి, తమ తమ వీధుల్లో చాటమన్నారు. రెండూ చాంతాడంత పొడుగు. పోలయ్య పద్ధతేమిటంటే, చెప్పింది విని, దారిపొడుగునా గొణుక్కుంటూ పోయి, డప్పు కొట్టి ఒప్పజెప్పడం. ఆ రోజు రెండూ గొణుక్కునేసరికి కలగాపులగమై ఏదీ గుర్తు రాలేదు. చేసేది లేక, ఎప్పటినుంచో నోటికి వచ్చిన పాత చాటింపు ఒకటి పడమటి వీధిలో చాటి, చివర స్వామి పేరు తగిలించాడు. వీధి వీధంతా జేజేలు కొట్టింది. ఆ ధైర్యంతో అదే చాటింపు తూర్పు వీధిలోనూ చాటి, చివర తర్కభూషణుడి పేరు తగిలించాడు. అక్కడ చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

సాయంత్రం సంతలో రెండు వీధులవాళ్లూ మా సందేశం గొప్పదంటే మాది గొప్పదని వాదనకు దిగి, ఒకరిది ఒకరికి వినిపించుకున్నారు. అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఇంక చూస్కోండి గొడవ. పాపుల మాటలు మా వీధిలో చాటాడని వీళ్లూ, ద్రోహుల మాటలు మా వీధిలో చాటాడని వాళ్లూ. స్వామీ తర్కభూషణుడూ జన్మలో మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. పోలయ్య నాలుక కోయించాలి.

రాజుగారు సరేనన్నారు. తన పేరు మీద ఏనాడూ పడని చప్పట్లు ఆ ఇద్దరికీ పడ్డాయే అన్న బాధలో, పోలయ్య నాలుక ఆయనకో లెక్కలోకి రాలేదు. తీర్పు మర్నాటికి పెట్టారు.

రాజుగారి పక్కన నిలబడి తాంబూలం అందించే కొండుభట్టు ఇదంతా విన్నాడు. వాడంటే నాకు మాత్రం కుళ్లు లేదా? నాకు ఇంటికెళ్లి పడుకున్నాక తోచే జవాబులు వాడికి నిలబడ్డచోటే తోస్తాయి. వాడు నేరుగా చెరసాలకు వెళ్లాడు.

పోలయ్య వాణ్ణి చూసి బావురుమన్నాడు. "అయ్యా, నాలుక పోతే నా పిల్లలకు కూడెట్టా?"

కొండుభట్టు అసలేం జరిగిందో అడిగి, అంతా విని, "ఇవాళ చాటిందే రేపు సభలో చాటు. అది ఎక్కడిదో నేను అడిగేదాకా చెప్పకు" అని వచ్చేశాడు.

మర్నాడు సభ నిండింది. కొండుభట్టు చేతులు జోడించాడు. "ప్రభూ, ఒకరి మాటలు ఇంకొకరి వీధిలో చాటడం కదా నేరం. ఏ మాట ఎవరిదో తేలితే శిక్ష సుఖంగా వెయ్యొచ్చు. వీడు చాటుతాడు. తమ మాట వినబడగానే ఈ పెద్దలు చెయ్యెత్తితే చాలు."

రాజుగారు తల ఊపారు. పోలయ్య డప్పు కొట్టాడు.

"మీ మేలు మీకన్నా మాకే బాగా తెలుసు. సందేహించినవాడు ద్రోహి."

రెండు చేతులు లేచాయి. "నా మాట. తపస్సులో వినబడింది" అన్నాడు స్వామి. "నా మాట. చదివి చదివి కనిపెట్టింది. ఆయన కాజేశాడు" అన్నాడు తర్కభూషణుడు.

"ఈ ఏడు మీరు పస్తులుండండి, మీ మనవలు పాలల్లో తేలతారు."

మళ్లీ రెండు చేతులు.

"పక్కింటివాడు గొణిగినా వచ్చి మాకు చెప్పండి."

పోలయ్య మాట పూర్తవకముందే ఇద్దరూ లేచి నిలబడ్డారు. మాట అవతలివాడిదైపోతుందేమోనన్న కంగారు తప్ప, ఆ మాటలో ఏముందో ఇద్దరికీ అక్కర్లేదు. అది తమదేనని ఒకరు దేవుడి మీద, ఒకరు సిద్ధాంతం మీద ప్రమాణం చేశారు.

ఇలాంటి మాటలకా ఆ చప్పట్లన్నీ అనుకునేసరికి రాజుగారికి ఒళ్లు మండింది. "జనాన్ని పస్తులుండమనడానికి ఎంత పొగరు. ఈ మాటలు ఎవరివైతే వాణ్ణి గాడిదెక్కించి ఊరంతా తిప్పండి. ఇది నా ఆజ్ఞ."

రెండు చేతులూ చప్పున దిగాయి. ఆయనవే అన్నాడు ఈయన, ఈయనవే అన్నాడు ఆయన.

"పోలయ్యా, ఇప్పుడు చెప్పు. ఎక్కడివి?" అన్నాడు కొండుభట్టు.

"దేవరా, తమ పట్టాభిషేకం రోజున ఏటేటా నేను చాటే చాటింపే ఇది. నాకు నోటికొచ్చింది ఇదొక్కటే. చివర తమ పేరుండే చోట వీళ్ల పేర్లు పెట్టాను."

ఆ చాటింపు ఎప్పుడో మంత్రులు కూర్చింది. రాజుగారు అందులో తన పేరొచ్చే చివరి ముక్క తప్ప ఏనాడూ చెవినపెట్టలేదు, జనం అదీ పెట్టలేదు. ఆయన మొహం కందగడ్డయింది.

"కొండుభట్టూ, ఇప్పుడెలా?" అన్నారు మెల్లిగా.

"ప్రభువుల ఆజ్ఞ వెనక్కి పోకూడదు. గాడిద ఎక్కాల్సిందే."

రాజుగారు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నారు. కొండుభట్టు ఆయన్ని కాసేపు అలాగే ఉంచాడు. కావాలనే ఉంచాడు.

"కాకపోతే ఆ మాటలు మావేనని ఇంతమంది ఎదుట ప్రమాణం చేసింది వీరిద్దరూను. తమరు చెయ్యెత్తలేదు కదా. ఇక పోలయ్య అంటారా, ఎవరి మాటలు వారి వీధిలోనే చాటాడు. వాడు చేసిన తప్పేముంది?"

రాజుగారు ఊపిరి పీల్చుకుని పోలయ్య కట్లు విప్పించారు. వాడు నాలుక చివర వేలితో తడిమి చూసుకుని, డప్పు చంకన పెట్టుకుని, దండం పెట్టడం కూడా మరిచిపోయి ఇంటికి పరుగెత్తాడు.

ఆ సాయంత్రం ఊరేగింపు. గాడిద ఒకటే. ఎక్కమనేసరికి స్వామికీ తర్కభూషణుడికీ ముందెవరు కూర్చోవాలని తగువొచ్చింది. జనం పిల్లాజెల్లాతో విరగబడ్డారు, మేడల మీద కూడా చోటు లేదు. రాజుగారు పైనుంచి అది చూసి మొహం మాడ్చుకున్నారు.

"నా ఊరేగింపుకు ఏనాడూ ఇంతమంది రాలేదు" అన్నారు.

కొండుభట్టు తాంబూలం అందిస్తూ, "అదెంత పని ప్రభూ. గాడిద మీద ఇంకొకరికి చోటుంది" అన్నాడు.

తాంబూలం రాజుగారి నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. కాపలావాడు కత్తి మీద చెయ్యి వేశాడు. ఆయన కొండుభట్టు వంకా, గాడిద వంకా చూసి, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ, తన మెడలోని ముత్యాల హారం తీసి వాడి మెడలో వేశారు. దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కుళ్లే.

ఆ ఏటి పట్టాభిషేకానికి పోలయ్య డప్పు ఒక్కటే కొట్టాడు, ఒక్క మాట చాటలేదు. అప్పుడు జనం చప్పట్లు కొట్టారు. రాజుగారు మేడ మీద నిలబడి, అవి ఆగేదాకా విన్నారట.