ఇన్నయ్య తోలుకోటు

అసలు తోలుకోటేదో, నకలేదో చేత్తో తడిమి చెప్పగలనని పాండురంగానికి గర్వం.

రెండో ప్రపంచయుద్ధంలో విమానాల్లో ఎగిరిన సైనికులు తొడుక్కున్న కోట్లవి. మబ్బుల పైన చలి ఎముకలు కొరికేది కనుక లోపల గొర్రె ఉన్ని వేసి దళసరిగా కుట్టేవారు. వాటిని సేకరించడమే అతని పిచ్చి. ఎక్కడ పాత సిపాయి ఇల్లుందని తెలిసినా వెళ్లి తలుపు తట్టేవాడు.

బొల్లారంలో మస్తాన్ షా అనే సూఫీ గురువు ఉండేవాడు. పాండురంగం చాలాకాలంగా ఆయన శిష్యుడు. ఒకరోజు ఒక కోటు చంకలో పెట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"బాబా, ఈ వీధి చివర లూర్దమ్మ అని ఒక ముసలావిడ ఉంది. ఇది వాళ్ల అన్న ఇన్నయ్యది. బర్మా యుద్ధంలో విమానంలో తుపాకీ దగ్గర కూర్చున్నవాడు. ఆయన గుర్తుగా దాచుకుంది. ఎంత బతిమాలినా ఇవ్వనంది."

"మరెలా ఇచ్చింది?"

పాండురంగం నవ్వాడు. "ఇది నకలమ్మా, యుద్ధం అయిపోయాక ఎవరో బజారులో కుట్టి అమ్మింది అన్నాను. అంతే, మారుమాట లేకుండా చేతిలో పెట్టేసింది. నిజానికి ఇంత మంచి అసలుకోటు నేనింతవరకూ చూడలేదు!"

అక్కడున్న ఒకరిద్దరు కూడా నవ్వారు. మస్తాన్ షా నవ్వలేదు, కోప్పడనూ లేదు. కోటు అందుకుని భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"పద బేటా. ఆ తల్లిని చూసొద్దాం."

ఎండలో గురువు వెనకే నడుస్తూ పాండురంగం జవాబులు కూడబెట్టుకున్నాడు. ఆమె దగ్గరుంటే పురుగు తింటుంది. నా దగ్గరైతే పదిలంగా ఉంటుంది. దీని విలువ ఆమెకేం తెలుసు?

లూర్దమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. గురువు భుజాన కోటు చూసి గబుక్కున లేచింది.

"అయ్యో సాయిబూ, మీకు అంటగట్టిండ్రా? అది అసలుది కాదు!" అంటూనే పాండురంగాన్ని చూసి చేతులు జోడించింది. "ఈ సారు మంచోడు. ఉన్న నిజం చెప్పిండు. లేకుంటే సచ్చేదాంక నమ్ముకుంటనే ఉందును."

"ఏం నమ్మావమ్మా?" అన్నాడు గురువు.

ఇరుగుపొరుగు వింటారేమోనని ఆమె గొంతు తగ్గించింది. "మా అన్న మాటలు. విమానంల పక్కన కూసున్న దోస్తు నా చేతులల్లనే పాణం ఇడిసిండని ఏడ్చేటోడు. ఆ దోస్తు పేరు మీద ఏటేటా చర్చిల పూజ పెట్టించేటోడు. అన్న పోయినంక నేను పెట్టిస్తున్న. కోటే నకలైనంక అంతా కట్టుకథేనాయె. ఇగ ఆ పూజ వద్దని మొన్ననే ఫాదరుకు చెప్పొచ్చిన. సిగ్గుతోని తల ఎత్తలేకపోయిన సాయిబూ."

ఆమె వెనక గోడకు ఒట్టి మేకు ఉంది. దాని కింద పటమంత మేర సున్నం తెల్లగా ఉంది.

మస్తాన్ షా కోటు తీసి పాండురంగం చేతుల్లో పెట్టి, అరుగు మీద ఒక పక్కగా కూర్చున్నాడు.

దారిలో కూడబెట్టుకున్న జవాబులు వదిలేసి, పాండురంగం కోటును ఆమె ముందుకు చాచాడు.

"అమ్మా," అన్నాడు. "అబద్ధం చెప్పింది మీ అన్న కాదు. నేను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "అంటే... ఇది?"

"అసలుదే. దీని మీద ఆశతో అలా అన్నాను."

లూర్దమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. ఆమె కోటు అందుకుని గుండెకు హత్తుకుంది. "తప్పయింది అన్నా," అంది దానితోనే. "ఎవరో ఒక్క మాటంటే నిన్ను అనుమానపడ్డ."

తర్వాత లోపలికి వెళ్లి, మంచం కింద బోర్లించిన అన్న పటం తెచ్చింది.

"కోపంల ఎట్లనో దించిన. ఇప్పుడు చెయ్యి అందుతలేదు. జర తగిలియ్యి సారూ."

పాండురంగం పటం మేకుకు తగిలించాడు. అందులోని మనిషి కళ్లలోకి చూడలేకపోయాడు.

బయటికి వచ్చాక గురువు తన ఇంటి వైపు తిరిగాడు. పాండురంగం కదల్లేదు. కాసేపటికి చర్చి ఉన్న వైపు రెండడుగులు వేసి ఆగాడు.

"బాబా, ఆ ఫాదరుకు ఏమని చెప్పను?"

"ఆమెకు చెప్పిందే," అన్నాడు మస్తాన్ షా.